ఆ కాయలు ఎవరివి?

కోటేశ్వరిని పోయిన వారం గుంటూరు కోర్టు వసారాలో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. రెండేళ్ల కిందట ఆమె భర్త యలమంద మిరపకాయల బస్తాల మీద కూర్చుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తుంటే, ఏడ్లపాడు దాటాక ట్రాక్టరు ట్రక్కు తిరగబడి, ఆ బస్తాల కిందే నలిగి చనిపోయాడు. ట్రాక్టరు ఆమె సొంత తమ్ముడు శివరామకృష్ణది. నడిపిందీ అతనే. బీమా కంపెనీ మీద వేసిన నష్టపరిహారం కేసు ఇన్ని వాయిదాల తర్వాత ఈ రోజు విచారణకు వచ్చింది. ఆ బస్తాలు యలమందవేనని కోర్టులో గట్టిగా చెప్పగలిగిన మనిషి ఒక్కరే, పొలం గలావిడ సుబ్బరావమ్మ. ఆవిడ అల్లుడి కారు దిగి, కోటేశ్వరి వైపు చూడకుండా వసారా మెట్లెక్కుతుండగా మనం ఆగాం.

చూడకుండా ఎక్కిందంటే చూపు ఆనక కాదు. డెబ్బై దాటినా సుబ్బరావమ్మ కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. కల్లంలో ఎర్రకాయ మధ్య తెల్లబోయిన తాలుకాయ ఎక్కడుందో నిలబడ్డ చోటి నుంచే చెప్పగలదు. అలాంటి మనిషి ఎదురుగా నిలబడ్డ కోటేశ్వరిని దాటుకుని పోయి, ఆమె లాయరు మొహిద్దీన్ బాషా గారి పక్కన బల్ల మీద కూర్చుంది. వెనకే అల్లుడు వీరాంజనేయులు. చిలకలూరిపేటలో ఎరువుల కొట్టు అతనిది. ఎవరితోనైనా నవ్వుతూనే మాట్లాడతాడు. అప్పు వసూలుకు వచ్చినా అదే నవ్వు.

కోటేశ్వరి వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది.

"పెద్దమ్మగారూ, వచ్చారు, అదే చాలు. మీరు అబద్ధం చెప్పొద్దు, ఇంకేమీ చెప్పొద్దు. పొలం కౌలుకిచ్చాను, కాయలు యలమందవి అని ఒక్క మాట చెప్పండి. మీ పేరు చెప్పుకుని బతుకుతాం."

సుబ్బరావమ్మ పైట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "చెప్పడానికేముంది తల్లీ. చెబితే నా పొలం నాకు ఉండాలి గదా."

"మీ పొలం ఎక్కడికి పోద్దండీ?"

"అదేనమ్మా మాట," అన్నాడు వీరాంజనేయులు. "కౌలుకిచ్చానని అత్తయ్యగారు జడ్జిగారి ముందు చెప్పిందనుకో. అది కాగితం మీదకి ఎక్కిద్ది. రేపు ఆ కాగితం పట్టుకుని నువ్వు పొలం దిగనంటే మేమేం చెయ్యాలి? కోర్టు రాతలో కౌలుదారని ఒకసారి పడితే లేపడం ఎవరివల్లా కాదంట. మా లాయరు మరీ మరీ చెప్పాడు."

"పదకొండేళ్లు చేశామండీ. ఒక్క గట్టు జరిపామా? ఒక్క ఏడు కౌలు ఎగ్గొట్టామా?"

"నువ్వు చేశావన్లేదు. చట్టం అట్టాంటిది."

పదకొండేళ్లు. పెళ్లయిన నాలుగేళ్లకు యలమంద ఆ నాలుగెకరాల నల్లరేగడి కౌలుకు పట్టాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఏటా ఉగాది ముందు చలవ చొక్కా వేసుకుని సుబ్బరావమ్మ ఇంటికి వెళ్లేవాడు. ఆవిడ గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, "ఈ ఏడు కూడా నువ్వే చేసుకో యలమందా" అనేది. అదే పత్రం, అదే రిజిస్ట్రేషను. ఇంటికొచ్చి ఆ మాట భార్యకు చెప్పేటప్పుడు యలమంద ముఖం వెలిగిపోయేది. అతను పోయాక రెండు ఉగాదులకీ కోటేశ్వరి తనే వెళ్లి మజ్జిగ తాగి ఆ మాట తెచ్చుకుంది. మూడో ఉగాది ఇంకో పది రోజుల్లో ఉంది.

ఇక బస్తాల సంగతి. ఆ పొలం సరుకు యార్డుకు పోయేటప్పుడు గోతాల మీద నల్లరంగుతో 'సు' అని రాయడం సుబ్బరావమ్మ భర్త ఉన్న కాలం నుంచీ వాడుక. కమీషను కొట్టు వాళ్లకు తెలిసిన గుర్తు అది. గుర్తు మారిస్తే కొత్త రైతు సరుకనుకుని ధర కోస్తారని యలమంద భయపడేవాడు. అందుకని పంట అతనిదైనా గోతాం మీద అక్షరం మాత్రం ఆవిడదే. ఆ అక్షరం రాసింది ఎవరో కాదు, కోటేశ్వరే. ఏడో తరగతి దాకా చదువుకున్న చెయ్యి, 'సు' గుండ్రంగా, కళ్లకద్దుకునేలా వస్తుందని మొగుడు మురిసిపోయేవాడు. ఆ మురిపెం కాస్తా ఇప్పుడు పోలీసుల పంచనామాలోకెక్కి కూర్చుంది. 'సు అను గుర్తు గల మిరప బస్తాలు' అని రాశారు వాళ్లు, చూసింది చూసినట్టు. ఎంత ఏడ్చినా ఆ అక్షరాన్ని ఇప్పుడు చెరపగలదా?

"మేం మాత్రం నీకు అన్యాయం చేస్తామా?" అన్నాడు వీరాంజనేయులు, గొంతు తగ్గించి. "అత్తయ్యగారు ఏం చెబుతారో విను. పొలం మాది, కాయలు మావి. యలమంద మా పాలేరు. సరుకు వెంట మేమే పంపాం. అంతే. నువ్వూ ఆ మాటే చెప్పు. కంపెనీ కిక్కురుమనకుండా ఇచ్చేస్తది. నమ్మకపోతే మీ లాయరుగార్ని అడుగు."

పాలేరు అన్న మాట వినగానే, అంతవరకూ స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్న శివరామకృష్ణ తలెత్తాడు.

"ఎవరండీ పాలేరు? మా బావా?"

"ఒరే శివా, నువ్వుండు," అంది కోటేశ్వరి. ఆమె బాషా గారి ముఖంలోకి చూసింది. కాదని చెబుతాడేమోనని చూసింది.

బాషా గారు మంచివాడే. ఫీజు కోసం పీడించింది లేదు, వాయిదాకి రాకుండా ఎగ్గొట్టింది లేదు. ఆయన కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు.

"చూడమ్మా కోటేశ్వరీ. సరుకు బండి మీద మూడు రకాల మనుషులు కూర్చుంటారు. సరుకు గలవాడు కూర్చుంటే బీమా వర్తిస్తుంది. సరుకు గలవాడు తన తరఫున పంపిన మనిషి కూర్చున్నా వర్తిస్తుంది. ఊరికే ఎక్కినవాడికి వర్తించదు. మీ ఆయన మొదటి రకమని నాకూ తెలుసు, నీకూ తెలుసు. రుజువేది? పొలం ఆవిడ పేరు మీద, గోతాల మీద అక్షరం ఆవిడది, కౌలు కాగితం లేదు. ఆవిడ కాదంటే మనం మొదటి రకం నుంచి నేరుగా మూడో రకంలో పడతాం. రెండోది ఆవిడ చేతుల్లో ఉంది, ఇస్తానంటోంది."

"మూడో రకమైతే ఏమవుద్దండీ?"

"కంపెనీ తప్పుకుంటుంది. పరిహారం కట్టమని కోర్టు బండి ఓనరుకి చెబుతుంది."

బండి ఓనరు అంటే శివరామకృష్ణ. కేసు వేసిన రోజు కోటేశ్వరి ఎంత ఏడ్చిందో ఈ కథ మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. తమ్ముణ్ణి ఒకటో ప్రతివాదిగా పెట్టాలన్నారు. 'సదరు శివరామకృష్ణ అతివేగంగా, అజాగ్రత్తగా నడిపినందున' అని రాసి సంతకం పెట్టమన్నారు. అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి స్టీరింగు పక్కకి కోశాడు తప్ప, పాపం వాడికి వేగమెక్కడిది? అదంతా పేరుకేనమ్మా, అందరూ అలాగే రాస్తారు, చివరికి ఇచ్చేది కంపెనీయేగా అన్నారు. అక్కా తమ్ముళ్లిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, అక్క తమ్ముడి మీద వేసిన కేసు కాగితాల మీద సంతకాలు చేశారు. ఇప్పుడు ఆ పేరుకే రాసింది నిజంగా వాడి మెడకు చుట్టుకుంటే? ట్రాక్టరు ఇంకా ఫైనాన్సులోనే ఉంది. వాడికీ ఇద్దరు పిల్లలు.

"మీరు చెప్పమంటారా అండీ?" అని అడిగింది.

"చెప్పమని నేననను. అనకూడదు కూడా," అన్నాడు బాషా గారు. "పిటిషన్లో మీ ఆయన వృత్తి వ్యవసాయం అనే రాశాం. పాలేరు చేసేదీ వ్యవసాయమే" అని కళ్లజోడు పెట్టుకున్నాడు.

పాలేరు! ఆ మాటంటే యలమందకు ఎంత కంపరమో ఈ పెద్దమనుషులకు ఎవరు చెప్పాలి? వాళ్ల నాన్న బతుకంతా ఒకరింట్లో పాలేరుతనం చేసి, ఆ ఇంటి గొడ్ల చావిట్లోనే ప్రాణం విడిచాడు. పన్నెండేళ్ల పిల్లాడప్పుడే యలమందను ఆ చావిట్లో తండ్రి స్థానంలో నిలబెట్టబోయారు. ఆ చావిడి తప్పించుకోవడానికే అతను బేల్దారి పనికి పోయాడు, బావులు తవ్వాడు, చివరికి కౌలు పట్టాడు. ఒకసారి టీ కొట్లో ఎవడో నవ్వులాటకు 'సుబ్బరావమ్మ గారి పాలేరొచ్చాడు, జరగండ్రా' అన్నాడట. తాగుతున్న టీ బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ మనిషిని, చచ్చిపోయి ఎదురు చెప్పలేని మనిషిని, కోటేశ్వరి తన నోటితో ఆ చావిట్లోకి తోలాలి.

"యలమంద నాకు కొడుకు లాంటోడే తల్లీ," అంది సుబ్బరావమ్మ. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు, అదే కోటేశ్వరికి భరించరానిదైంది. "నాకు జొరమొస్తే ఆస్పత్రికి మోసుకుపోయింది వాడే. నేను వాణ్ణి తక్కువ చేస్తానా? పేరులో ఏముందే? పిల్లదాని చదువుకి ఆసరా ఉంటది."

కొడుకు లాంటివాణ్ణి పాలేరనడానికి ఆవిడకు నోరెలా వస్తోందో! కోటేశ్వరి అడగలేదు. అడిగితే ఆవిడ కారెక్కి వెళ్లిపోతుందేమోనని భయం. కూతురు జ్యోతిర్మయి తొమ్మిదో తరగతి. ఈ ఏడు స్కూలు ఆపించేద్దామా అని రెండుసార్లు అనుకుని రెండుసార్లూ సిగ్గుపడింది. ఆమె లేచి చీర దులుపుకుంది.

"సరేనండీ," అంది. ఎవరి వైపూ చూడకుండానే అంది.

"అక్కా!" అన్నాడు శివ.

"నువ్వు మాట్లాడమాక."

లోపలి నుంచి బంట్రోతు ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు.

బోనెక్కాక కోటేశ్వరికి ముందు తన చేతులే కనిపించాయి. కాయ కోసి కోసి గోళ్ల పక్కన తోలు ఎర్రగా లేచి ఉంది. ఎంత రుద్దినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు, అందుకే మిరప కోతల కాలంలో ఆడవాళ్లు ఏడుపొచ్చినా ఆపుకుంటారు. దైవసాక్షిగా అంతా నిజమే చెబుతానని చెప్పించారు. చెప్పింది.

కంపెనీ ప్లీడరు కుర్రవాడు కాదు, ముసలివాడూ కాదు. గొంతు మెత్తగా ఉంది.

"మీ ఆయన ఏం పని చేసేవాడమ్మా?"

"వ్యవసాయమండీ."

"సొంత పొలమా?"

"కాదండీ."

"కౌలు చేసేవాడా?"

తలుపు దగ్గర సుబ్బరావమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక వీరాంజనేయులు. వాళ్లిద్దరికీ ఎడంగా శివ.

"కాదండీ. సుబ్బరావమ్మ గారి దగ్గర..." జడ్జిగారు కళ్లెత్తి చూశారు. "పాలేరండీ," అంది.

జడ్జిగారు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పారు, టైపు మిషను టకటకలాడింది. ఆ ఇంగ్లీషులో కోటేశ్వరికి తెలిసిన మాట ఒక్కటే ఉంది, సర్వెంటు. పదకొండేళ్ల సేద్యం ఆ టకటకల్లో అయిపోయింది.

"జీతం నెలకా, ఏడాదికా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. "ఏడాదికండీ," అంది. "ఉగాదికి."

"ఉగాదికి ఇచ్చేవాళ్లా?"

"ఇచ్చేవాళ్లండీ." ఉగాదికి ఇచ్చింది వాళ్లు కాదు, తాము. కౌలు డబ్బు తాము తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టేవాళ్లు. మాట అదే, ఉగాదీ అదే, ఇచ్చే చెయ్యి మాత్రం మారింది. అబద్ధమాడటం ఇంత తేలికా అని ఆమెకే భయం వేసింది.

"ఆ రోజు సరుకుతో ఎవరు పంపారు?"

"అమ్మగారే పంపారండీ."

ప్లీడరు కాగితాలు తిరగేశాడు. ఇక దిగమంటారనుకుని ఆమె బోను కర్ర వదిలింది.

"ఒక్క నిమిషం. మీ ఆయన పోయి రెండేళ్లయింది కదా. ఇప్పుడు ఆ పొలం ఎవరు చేస్తున్నారు?"

ఎవరు చేస్తున్నారు! మొన్న తెల్లవారుజామున మూడో కోత కోయించింది ఎవరు? నారు పోసింది, నీళ్లు కట్టింది, మందు కొట్టే రోజున వాంతులు చేసుకుంటూ గట్టు మీద పడిపోయింది ఎవరు? ఇప్పుడు కల్లంలో ఎర్ర తివాచీ పరిచినట్టు ఆరుతున్న కాయ ఎవరిది? ప్లీడరు ఎదురుచూస్తున్నాడు. మొగుడు పాలేరైతే పెళ్లాం కౌలుదారు ఎలా అవుతుంది? బాషా గారు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు, లేదా రాసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

"అమ్మగారే చేయించుకుంటున్నారండీ."

"మరి నువ్వు?"

"నేను కూలికి పోతానండీ."

మళ్లీ టకటకలు. కింద సంతకం పెట్టమన్నారు. గుండ్రంగా, ముచ్చటగా పెట్టింది.

ఆమె తర్వాత సుబ్బరావమ్మ బోనెక్కి, పొలం నాది, కాయలు నావి, యలమంద మా పాలేరు, నేనే పంపాను అని నాలుగు మాటలూ తడబడకుండా చెప్పి దిగింది. మధ్యాహ్నం తర్వాత ట్రాక్టరు ఓనరును కంపెనీ తరఫున విచారిస్తామని చెప్పి జడ్జిగారు లేచారు.

కోర్టు గేటు పక్కన టైపు కొట్టేవాళ్ల రేకుల షెడ్డు నీడలో అక్కా తమ్ముళ్లు కూర్చున్నారు. కోటేశ్వరి క్యారియరు విప్పింది. గోంగూర, పెరుగన్నం. శివ ముద్ద కలిపి అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అదీ చెయ్యలేదు.

"అయిపోయిందిలేరా," అంది. "ఒక మాట. అనేశాను. ఆయనేం వింటాడా ఏంటి."

"నేను విన్నాను గదక్కా."

అంతలో వీరాంజనేయులు వక్కపొడి నములుతూ వచ్చాడు. అత్తగారు కారులో కూర్చుని ఉంది, తలుపు తెరిచే ఉంది.

"బాగా చెప్పావమ్మా. లాయరు నేర్పినా అంత బాగా రాదు," అన్నాడు. "ఆఁ, ఇంకోటి. కాయ బాగా ఎండిందంటగా? రేపట్నుంచి కల్లం కాడ మా మనిషి ఉంటాడు. ఎల్లుండి గోతాలకెత్తిస్తాం. ధర బాగుంది, మళ్లీ పడిపోద్దేమో. నువ్వు కూడా పెందలాడే వచ్చెయ్యి. తాలు ఏరడంలో నీ అంత చెయ్యి ఎవరికుంది? ఆడకూలి అందరికీ ఎంతో నీకూ అంతే."

కోటేశ్వరికి ముందు అర్థం కాలేదు. క్యారియరు మూత చేత్తో పట్టుకుని అతని నోటి వైపే చూసింది.

"ఆ కాయ నాదండీ," అంది.

"ఎవరన్నారు?"

"ఎవరనేదేందండీ! నేను పండించాను. నారు కాణ్ణుంచీ..."

"కూలికి చేశావమ్మా. నువ్వే చెప్పావుగా ఇందాక. జడ్జిగారు రాసుకున్నారు, నువ్వు సంతకం కూడా పెట్టావు." అతను నవ్వుతూనే ఉన్నాడు. వెటకారం కూడా లేదు ఆ నవ్వులో. ఎరువుల కొట్లో బిల్లు చేతిలో పెట్టేటప్పుడు నవ్వే నవ్వు. "రేపు కాయ నీదన్నావనుకో, కోర్టులో చెప్పింది అబద్ధమవుద్ది. కేసు పోద్ది. పైగా దొంగసాక్ష్యం. నీ మంచికే చెబుతున్నా."

కోటేశ్వరి లేచి కారు దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దమ్మగారూ, ఏందండీ ఇది? పొద్దున ఈ మాట చెప్పలేదేం? కాయ కూడా తీసుకుంటామని చెబితే నేను బోనెక్కేదాన్నా?"

సుబ్బరావమ్మ ఈసారి చూసింది. ఆవిడ ముఖం పాలిపోయింది. "వీరాంజనేయులూ, ఈ ఏడుకి వదిలెయ్యరాదూ?" అంది సన్నగా.

"ఎట్టా వదులుతామత్తయ్యా? ఆమే బోనెక్కి చెప్పిందిగా, పొలం మీరే చేయించుకుంటున్నారని. ఇప్పుడు ఆమె అమ్ముకుంటే కంపెనీ వాళ్లు కనిపెట్టరా?"

"కంపెనీ ఇస్తది గదా తల్లీ," అని సుబ్బరావమ్మ గొణిగి కారు తలుపు తనే లాగేసుకుంది.

కోటేశ్వరి ఎండలోనే నిలబడిపోయింది. మొగుణ్ణి పాలేరు చేసింది. తనను కూలిదాన్ని చేసుకుంది. పది రోజుల్లో వచ్చే ఉగాదికి మజ్జిగ తాగడానికి ఇక ఏ ముఖంతో వెళుతుంది? వెళ్లినా ఆవిడ ఏమంటుంది? ఇదంతా చేసి తెచ్చుకోబోయే పరిహారం ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఏ దేవుడికీ తెలియదు. కల్లంలో కాయ మాత్రం ఎల్లుండే పోతుంది. ఇంత తెలివితక్కువదాన్నా నేను అని తనను తాను తిట్టుకుంది. తెలివితక్కువతనం కాదు, దిక్కులేనితనం. ఆ రెండింటికీ తేడా ఆ ఎండలో ఆమెకు తోచలేదు.

శివ వీరాంజనేయులు చొక్కా పట్టుకోబోతుంటే ఆమె అడ్డం వెళ్లి రెండు చేతులతో తోసింది.

"వదలక్కా! ఇప్పుడు నన్ను పిలుస్తారు. నేను నిజం చెబుతా. ఆ కాయలు మా బావవి, ఆ పొలం మా బావ కౌలు, ఇదిగో ఈ పెద్దమనిషి మా అక్కని బెదిరించి అబద్ధమాడించాడు అని జడ్జిగారి ముందే చెబుతా."

ఆ కేకలకు బాషా గారు షెడ్డు దగ్గరికి వచ్చాడు. వీరాంజనేయులు కారెక్కి అద్దం ఎత్తుకున్నాడు.

"శివా, ఆలోచించు," అన్నాడు బాషా గారు. "మీ అక్క ఒకటి చెప్పి నువ్వొకటి చెబితే కంపెనీకి అంతకంటే కావాల్సిందేముంది? ఇద్దర్లో ఎవర్నీ నమ్మక్కర్లేదంటుంది. మీ బావ సరుకు గలవాడూ కాకుండా పోతాడు, సరుకుతో పంపిన మనిషీ కాకుండా పోతాడు. ఊరికే బండెక్కినవాడవుతాడు. అప్పుడు కట్టాల్సింది నువ్వు."

"కడతానండీ. ట్రాక్టరు పోతే పోనీయండి. అది తిరగబడే గదా మా బావ పోయాడు. ఆ స్టీరింగు పట్టుకున్నప్పుడల్లా నాకు అదే..." ఎడం చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అక్కా, నువ్వు చెప్పు. ఏం చెప్పను నేను? నువ్వేం చెప్పమంటే అదే చెబుతా."

ఏం చెప్పమంటుంది? నిజం చెప్పమంటే తమ్ముడి కొంప కూలుతుంది, పిల్లదాని చదువు పోతుంది, కాయ ఎలాగూ దక్కదు. అబద్ధం చెప్పమంటే ఆ కాగితం మీద యలమంద ఎప్పటికీ గొడ్ల చావిట్లో ఉండిపోతాడు. ఆమె తమ్ముడి ముఖం చూసింది. రెండేళ్లుగా వాడు ఆమె కళ్లలోకి నేరుగా చూసింది ఇదే మొదటిసారి.

"శివరామకృష్ణా... శివరామకృష్ణా... శివరామకృష్ణా!" బంట్రోతు కేక.

అతను చొక్కా సర్దుకుని వెళ్లాడు. కోటేశ్వరి వెనకే వెళ్లి తలుపు దగ్గర, పొద్దున సుబ్బరావమ్మ నిలబడ్డ చోటే నిలబడింది. లోపల ఫ్యాను కిరకిరలాడుతోంది. శివ బోనెక్కి ప్రమాణం చేశాడు. కంపెనీ ప్లీడరు ఈసారి కాగితాలు కూడా చూడలేదు.

"ట్రాక్టరు మీదే కదా?"

"నాదేనండీ."

"నడిపింది మీరే?"

"నేనేనండీ."

"చనిపోయిన యలమంద మీ సొంత బావ. ఆయన బతుకుతెరువు మీకు తెలియకుండా ఉండదు. చెప్పండి, ఆ రోజు మీ ట్రక్కులో ఉన్న మిరపకాయలు ఎవరివి?"

శివ బోను కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. మెడ తిప్పి తలుపు వైపు, అక్క వైపు చూశాడు. టైపు మిషను మీద వేళ్లు పెట్టుకుని గుమస్తా ఎదురుచూస్తున్నాడు. శివ నోరు తెరవబోయాడు.

కోటేశ్వరి గడప దాటింది. ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ చెయ్యి తోసేసి హాలు మధ్యలోకి వచ్చేసింది.

"అయ్యగారూ! వాణ్ణి అడగొద్దండీ. ఆ కాయలు ఎవరివో నన్నడగండి."

బాషా గారు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. హాల్లో గుసగుసలు లేచి అణిగాయి. జడ్జిగారు పెన్ను బల్ల మీద పెట్టి ఆమె వైపు చూశారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నువ్వు పొద్దున చెప్పావు కదమ్మా?"

"చెప్పానండీ," అంది కోటేశ్వరి.

(సశేషం)